రెండు వందల తొంభై మూడుతో భాగిస్తే

నాకు కోపం ఎక్కువ. నన్నెరిగినవాళ్ళెవరినడిగినా ఈ మాట చెబుతారు కాబట్టి ముందే నేనే చెప్పేస్తున్నాను. తెనాలిలో తొమ్మిదేళ్ళు పదో తరగతి పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్పాను. ఆడ టీచరు కదా, దెబ్బ మెత్తగా ఉంటుందని ఆడపిల్లల్ని నా దగ్గర చేర్పించిన తల్లులు, మొదటి వారంలోనే పిల్లల అరచేతులు చూసి ఆ భ్రమ వదులుకునేవాళ్ళు. అయినా ఒక్కరూ మాన్పించలేదు. కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి మేడం, లెక్కలు వస్తే చాలు అనేవాళ్ళు. నేను ఆ మాటని అక్షరాలా తీసుకున్నాను.

కొట్టడానికి బరికెలు కూడా పిల్లలే తెచ్చేవాళ్ళు. రేపల్లె పాసింజరులో జంపని నుంచి వచ్చే మగపిల్లలిద్దరికి అది డ్యూటీ. సోమవారం సోమవారం చింతచెట్టు నుంచి పచ్చి బరికెలు రెండు కోసుకొచ్చి, ఆకు దూసి, కణుపులు చెక్కి నా బల్ల మీద పెట్టాలి. వాళ్ళు తెచ్చిన బరికెతో మొదటి దెబ్బ వాళ్ళకే. అప్పట్లో అది నాకు సరదాగానే ఉండేది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ అప్పుడు సరదాగానే ఉండేది.

ఇక ఆ సంఖ్య సంగతి. 1000009. పది లక్షల తొమ్మిది. ఒకటి, వెనక ఐదు సున్నాలు, చివర తొమ్మిది. బేసి సంఖ్య కాబట్టి రెండుతో తెగదు. అంకెలు కూడితే పది, అందుకని మూడుతో తెగదు. ఐదుతో సరేసరి. ఏడుతో భాగిస్తే మూడు మిగులుతుంది. పదకొండుతో పది, పదమూడుతో కూడా పదే. పదిహేడుతో ఒకటి, పంతొమ్మిదితో మళ్ళీ ఒకటి. ఇలా ఎంత దూరం పోవాలి అంటే వెయ్యి దాకా పోతే చాలు. వెయ్యిని వెయ్యితో హెచ్చిస్తే పది లక్షలు కదా, ఈ సంఖ్య రెండు ముక్కలైతే అందులో చిన్నముక్క వెయ్యి దాటదు. వెయ్యి లోపల ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది ఉన్నాయి. ఆ నూట అరవై ఎనిమిదిలో దేనితోనూ తెగకపోతే పది లక్షల తొమ్మిది కూడా ప్రధాన సంఖ్యే.

ఈ సంఖ్య నాకు రేపల్లెలో తొమ్మిదో తరగతిలో శిక్షగా దొరికింది. ఇంట్లో మా నాన్న బెల్టు, బడిలో లెక్కల సారు చెక్కస్కేలు. నాన్న తాగి కొట్టేవాడు, సారు తాగకుండానే కొట్టేవాడు, తేడా అంతే. ఆయన స్కేలుని అడ్డంగా కాదు, నిలువుగా పట్టుకుని అంచుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడు. మేం లూథరన్లం. ఆదివారం చర్చిలో కూడా బెత్తం పిల్లల మేలుకే అని చెప్పేవారు. అంచేత నాకు ఎటు చూసినా దెబ్బే న్యాయంగా కనిపించేది.

ఒకరోజు జామెట్రీ బాక్సు మర్చిపోయి వెళ్ళాను. సారు కణుపుల మీద పది కొట్టి, తన పాత నోటుబుక్కు తీశాడు. అందులో ఆయన గురువు రాయించిన గట్టి సంఖ్యల పట్టిక ఉంది. మొట్టమొదటిది పది లక్షల తొమ్మిది. ఇది ప్రధాన సంఖ్య, మూడు రోజుల్లో నూట అరవై ఎనిమిది భాగహారాలూ చేసి నిరూపించుకు రా అన్నాడు. వాచిన వేళ్ళతో మొదలుపెట్టాను. రెండు వందల డెబ్బై ఒకటి దాకా, అంటే యాభై ఎనిమిది భాగహారాలు, నిజాయితీగా చేశాను. మూడో రోజు సాయంత్రానికి చెయ్యి లేవలేదు. ప్రధాన సంఖ్యే అని సారే చెప్పాక ఎంతో కొంత మిగిలే తీరుతుంది, ఎంత మిగిలితే ఏంటి అనుకున్నాను. మిగతా నూట పదికీ తోచిన శేషాలు వేసేశాను. సారు మొదటి పేజీ చూశాడు, చివరి పేజీ చూశాడు, ఓపికంటే ఇదీ అని క్లాసంతటికీ నన్ను చూపించాడు. నా చదువు మొత్తం మీద నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. దాన్నే ఇరవై ఏళ్ళు నెమరేశాను. అందులో సగం పైగా దొంగలెక్కలన్న సంగతి నెమ్మదిగా నేనే మర్చిపోయాను.

బాపట్లలో బి.ఎడ్. చదివినప్పుడు పిల్లల్ని కొట్టకూడదని ఒక పేపరంతా ఉండేది. దాంట్లో నాకు మంచి మార్కులే వచ్చాయి.

తెనాలిలో మారీసుపేటలో ఒక డాబా మీది పెద్ద గది అద్దెకి తీసుకుని ట్యూషన్ పెట్టాను. ఏడు బల్లలు, బల్లకి ఆరుగురు, మొత్తం నలభై ఇద్దరు. నలభై మూడో పిల్ల వస్తే చేర్చుకునేదాన్ని కాదు. కారణం మీకు తట్టే ఉంటుంది. నూట అరవై ఎనిమిదిని నలభై రెండుతో భాగిస్తే సరిగ్గా నాలుగు. ఏటా జనవరి చివర్లో ఒకరోజు మనిషికి నాలుగు ప్రధాన సంఖ్యలు పంచేదాన్ని. కాలిక్యులేటర్ ముట్టుకుంటే వేళ్ళు విరుస్తాననేదాన్ని. అరగంట తర్వాత ఒక్కొక్కళ్ళే లేచి "శేషం ఉందండి" అని చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ నేను బరికెతో బల్ల మీద ఒక్కటిచ్చేదాన్ని. నలభై ఇద్దరూ అయ్యాక నా ఉపన్యాసం. చూశారా, నూట అరవై ఎనిమిది దెబ్బలు తిని కూడా ఇది చీలలేదు, పరీక్షలో మీరూ ఇలా నిలబడాలి అని. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. కొట్టకపోతే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు.

ఐదేళ్ళు ఇలా సాఫీగా జరిగింది. ఆరో ఏడు పదహారో నంబరు పిల్ల వచ్చింది.

మూడో బల్లలో నాలుగో చోటు ఆ పిల్లది. వాళ్ళ నాన్న బోసు రోడ్డు పక్క సందులో చెక్కబడ్డీ పెట్టుకుని గ్యాస్ పొయ్యిలూ కుక్కర్లూ బాగుచేసేవాడు. చేర్పించిన రోజునే నాతో ఒక మాట చెప్పాడు. వాళ్ళింట్లో పదో తరగతి దాకా వచ్చింది ఈ పిల్లే. లెక్కల్లో గట్టెక్కితే ఇంటర్ చదివిస్తాడు, తప్పితే బాపట్లలో మరదలి దగ్గర కుట్టుపనికి పంపిస్తాడు. ఆ పిల్లకి చదువుకోవాలని ఎంత ఆశో, తండ్రి ఆ మాట అంటున్నప్పుడు దాని ముఖం చూస్తేనే తెలిసింది. నోరు విప్పేది కాదు. కాగితం అంచున చీమల్లాంటి అక్షరాలతో రఫ్ చేసుకుని, సరిచూసుకుని, అప్పుడు ఫెయిర్‌లోకి ఎక్కించేది. తప్పులు తక్కువ. అందుకే అప్పటిదాకా దాని మీద నా చెయ్యి పెద్దగా పడలేదు.

ఆ జనవరిలో సంఖ్యలు పంచిన రోజు దానికి వచ్చిన నాలుగు 283, 293, 307, 311. పదిహేను మంది వరసగా శేషం ఉందండి అన్నారు. ఆ పిల్ల లేచింది.

"మూడింటికి ఉందండి. రెండు వందల తొంభై మూడుకి శేషం లేదండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో నాకు మండింది. మళ్ళీ చూసుకోమన్నాను. చూసుకున్నానండి, మూడుసార్లు చేశానండి, సున్నాయే వచ్చిందండి అంది. కాగితం నా వైపు చాపింది కూడా. నేను దాన్ని చూడలేదు. ఎందుకు చూడాలి? మా సారు నోటుబుక్కులో ఉంది, నేను చేసి నిరూపించాను, ఐదేళ్ళలో రెండు వందల పది మంది పిల్లలు ఔనన్నారు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాలుగో కాలు ఉందన్నది ఈ పిల్ల ఒక్కతే.

చెయ్యి చాపమన్నాను. అరచేతి మీద పది కొట్టాను. శేషం ఎంత అని అడిగాను. సున్నా అండి అంది. ఇంకో పది. సున్నా అండి. బరికె చివర చీలి ఊడిపోయింది. రెండో బరికె తీసుకుని చెయ్యి తిప్పమన్నాను. కణుపుల మీద కొడుతుంటే ఆ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కోలేదు. అదే నన్ను ఇంకా రెచ్చగొట్టింది. ఏడిస్తే ఆపేదాన్నేమో. ఏడవలేదు. పళ్ళు బిగించి, నా ముఖంలోకి చూస్తూ, అడిగిన ప్రతిసారీ సున్నా అండి, సున్నా అండి అంటోంది. రెండో బరికె కూడా విరిగింది. అప్పుడు బల్ల మీదున్న చెక్క డస్టరు అందుకున్నాను.

ఎన్ని కొట్టానో నాకు తెలీదు. అన్నీ లెక్కపెట్టే దాన్ని, అది మాత్రం లెక్కపెట్టలేదు. ఒక దెబ్బకి టిక్కున చిన్న చప్పుడైంది, సుద్దముక్క విరిగినట్టు. చిటికెన వేలు పక్కనున్న వేలు ఉండాల్సిన తీరుగా లేదు. ఆ పిల్ల నోరు తెరిచింది కానీ కేక రాలేదు. మాట వచ్చింది.

"మిగిలిందండి."

"ఎంత?"

నా చేతిలోని డస్టరు వైపు చూసింది, నా ముఖం వైపు చూసింది.

"ఒకటండి."

సరే కూర్చో అన్నాను. బోర్డు మీద పదహారుకి ఎదురుగా టిక్కు పెట్టాను. పదిహేడు నుంచి నలభై రెండు దాకా పిల్లలు ఒకరి మాట మీద ఒకరు పడి శేషం ఉందండి అన్నారు. అంత తొందరగా ఏ ఏడూ అవలేదు. దెబ్బకి చీలనిదే గట్టిదని ఆ రోజు ఉపన్యాసం కూడా దంచి చెప్పాను. పదహారో నంబరు పిల్ల ఎడం చేత్తో కుడి చేతిని పట్టుకుని విన్నది.

మర్నాడు వాళ్ళ నాన్న వచ్చాడు. మెట్ల మీద ఆయన తల కనిపించగానే నేను గొడవకి సిద్ధమైపోయాను. ఆయన చెప్పులు కింద విప్పి వచ్చాడు. ప్రభుత్వాసుపత్రిలో ఎముక చిట్లిందన్నారట, కట్టు కట్టారట. పిల్ల ఏం తప్పు చేసిందో చెప్పడం లేదు, మీరు కొట్టారంటే ఏదో చేసే ఉంటుంది అన్నాడు.

"దెబ్బకి దెయ్యమైనా వదులుతుందమ్మా, నేను కాదనను. కాపోతే కుడి చెయ్యి వదిలేయండి. రాసే చెయ్యి కదా."

నేను ఏం జవాబు చెప్పానో రాస్తే మీరు ఈ కాగితం చింపేస్తారు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం తగ్గించుకోమనండి అన్నాను. ఆయన అట్టాగేనమ్మా అని, నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఆ పిల్ల తిరిగి రాలేదు. ట్యూషన్‌కి వెళ్ళనని మొండికేస్తే, చదువు మీద శ్రద్ధ పోయిందనుకుని తండ్రి బాపట్ల పంపించేశాడని జంపని పిల్లలు చెప్పారు. బడి రోజులు అయిపోవచ్చాయి, పరీక్షకి నెలన్నర ఉంది. నా దగ్గర నలభై ఒక్కరే మిగిలారు. నేను పట్టించుకోలేదు.

మూడు వారాలైంది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి కాగితాలు సర్దుతున్నాను. ఆ రోజు పిల్లలు చేసిన భాగహారాల కట్ట చేతికొచ్చింది. పదహారో కాగితం మీద చీమల అక్షరాలు. 283కి శేషం 170. 307కి 110. 311కి 144. మధ్యలో 293. భాగఫలం 3413, శేషం సున్నా. కింద ఒక గీత, గీత కింద మళ్ళీ అదే భాగహారం, మళ్ళీ సున్నా. మళ్ళీ ఇంకోసారి.

తప్పెక్కడ చేసిందో పట్టుకుందామని పెన్ను తీశాను. 3413ని 293తో హెచ్చించాలి. మూడు వందలతో హెచ్చిస్తే 1023900. అందులోంచి ఏడు రెట్లు, 23891, తీసెయ్యాలి. తీసేశాను. 1000009 వచ్చింది.

నా చేత్తోనే మళ్ళీ చేశాను. డ్రాయరులోంచి కాలిక్యులేటర్ తీసి కొట్టాను. దానికి నేనంటే భయం లేదు కాబట్టి అది కూడా 1000009 అనే చెప్పింది. రేపల్లెలో నేను ఆగిపోయింది రెండు వందల డెబ్బై ఒకటి దగ్గర. తర్వాతవి 277, 281, 283, 293. ఇంకో నాలుగు భాగహారాలు నిజంగా చేసి ఉంటే సున్నా నాకే వచ్చేది. వచ్చి ఉంటే మా సారు స్కేలు ముందు ఆ సున్నాని నేను చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు. చెప్పడానికి ఈ పిల్లకున్న గుండె నాకు లేదు.

పాత కాగితాలన్నీ అటక మీద గోనెసంచిలో ఉన్నాయి. దింపి పోశాను. ఐదేళ్ళ బ్యాచ్‌ల నుంచి ఐదు పదహారో నంబర్లు వెతికాను. ఒకరు శేషం 14 అని వేశారు. ఒకరు 207. ఒకరు 91. ఒకరు రెండుసార్లు కొట్టేసి 6 వేశారు. ఐదో కుర్రాడు 300 వేశాడు. రెండు వందల తొంభై మూడుతో భాగిస్తే శేషం మూడు వందలు. మూడో తరగతి పిల్లలకి కూడా అది కుదరదని తెలుసు. అది నా కళ్ళ ముందు నుంచి పోయింది, దాని పక్కన నా టిక్కు కూడా ఉంది. ఐదుగురిలో నలుగురికైనా సున్నా వచ్చే ఉంటుంది. దాన్ని మింగేసి బరికె అడిగిన శేషాన్ని ఇచ్చారు. నా గదిలో లెక్కలు నేర్చుకోలేదు వాళ్ళు. నా ముఖం చదవడం నేర్చుకున్నారు.

ఆ వారం ఎదురింట్లో ఉండే రిటైర్డ్ కాలేజీ లెక్చరర్‌గారిని అడిగాను, ఈ సంఖ్య ప్రధానం కాదని భాగించకుండా తెలుస్తుందా అని. ఆయన పేపరు చదువుతూనే చెప్పారు. వెయ్యి వర్గం, మూడు వర్గం కలిపితే అదే కదమ్మా అన్నారు. అది చూస్తేనే తెలుస్తుంది. తర్వాత ఏదో పాత పుస్తకం తిరగేసి, 972 వర్గం, 235 వర్గం కలిపినా అదే అని చూపించారు. ఒకటి 944784, రెండోది 55225. ఒక బేసి సంఖ్యని రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగితే అది ప్రధాన సంఖ్య కానే కాదట. ఎప్పటి నుంచో తెలిసిన సంగతే అన్నారు. ఇన్నేళ్ళుగా నేను గట్టిదని నెత్తిన పెట్టుకున్నది, అడిగితే ఎవరైనా ఐదు నిమిషాల్లో రెండుగా చీల్చి చూపించేదే. నేను అడగలేదు. అడగడం నాకు అలవాటు లేదు, కొట్టడం ఉంది.

సోమవారం క్లాసులో నలభై ఒక్కరి ముందు నిలబడి తప్పు నాదేనని చెప్పాను. 293ని 3413తో హెచ్చించి బోర్డు మీద చూపించాను. అందరూ ఔను మేడం అన్నారు. మొదటి బల్లలో పిల్లాడొకడు చెయ్యెత్తి, ఇంతకీ ఇప్పుడు శేషం ఉందని చెప్పాలా లేదని చెప్పాలా మేడం అని అడిగాడు. వాడు వెటకారం ఆడటం లేదు. నిజంగానే అడిగాడు, నా కుడి చేతి వంక చూస్తూ.

ఆ మధ్యాహ్నమే బాపట్ల వెళ్ళాను. పొన్నూరు దాకా రైల్లో ఏం చెప్పాలో పేర్చుకున్నాను, పొన్నూరు దాటాక అంతా మర్చిపోయాను. సూర్యలంక పోయే రోడ్డులో ఆ పిల్ల ఖాలా ఇల్లు. తల్లి చెల్లెలు, పిన్ని అన్నమాట. వరండాలో రెండు మిషన్లు. ఆ పిల్ల నేల మీద కూర్చుని చీర ఫాల్‌కి సూదితో కుట్లు వేస్తోంది. కట్టు విప్పేశారు. వేలు మధ్య కణుపు దగ్గర కొద్దిగా పక్కకి తిరిగి అతుక్కుంది. నన్ను చూడగానే సూది కింద పెట్టి లేచి నిలబడింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

పిన్ని కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. నువ్వు చెప్పిందే కరెక్టమ్మా, శేషం సున్నాయే, నేనే తప్పు, నన్ను క్షమించు అన్నాను. ఈ మాటలు నేను అంతకుముందు ఎవరికీ చెప్పలేదు, చెప్పాక ఏదో జరుగుతుందనుకున్నాను. ఆ పిల్ల ఏడుస్తుందనో, కోప్పడుతుందనో. అది తల దించుకుని నెమ్మదిగా అంది.

"లేదండి. ఒకటి మిగిలిందండి."

పరీక్ష పెడుతున్నాననుకుంది. కాదమ్మా, నిజంగానే సున్నా అన్నాను. లేదండి అంది. సంచిలోంచి కాగితం తీసి, పెన్ను ఇచ్చి, నువ్వే చేసి చూడు అన్నాను. కింద కూర్చుని పీట మీద కాగితం పెట్టుకుంది. వంకర వేలు పెన్నుకి ఆనక బయటికి నిలబడింది. 1000009 రాసింది. 293 రాసింది. మూడు పెట్టి 879 తీసింది, 1210 వచ్చింది. నాలుగు పెట్టింది, 380 వచ్చింది. ఒకటి పెట్టింది. 879 దగ్గరికొచ్చి మూడు పెట్టింది. ఒక్క తప్పు లేదు. కింద గీత గీసి సున్నా వేసింది. అప్పుడు తలెత్తి నా ముఖం చూసింది. నా కళ్ళలో నీళ్ళున్నాయి, అది కోపమో ఏంటో దానికి తెలియలేదు. పెన్ను మళ్ళీ కాగితం మీద ఆనించి, ఆ సున్నాని ఒకటిగా దిద్దింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని అప్పుడు తెలిసింది. కాలింది నా చేతులు కూడా కాదు.

ఒక్కటి మాత్రం సాధించాను. పిల్లకి చదువు మీద శ్రద్ధ పోలేదు, నేనే చెడగొట్టాను, పరీక్ష రాయించండి అని తండ్రిని బతిమాలాను. నేను చెప్పానని ఆయన ఒప్పుకున్నాడు. మార్చిలో తెనాలి తీసుకొచ్చాడు. రోజూ సాయంత్రం వాళ్ళింటికే వెళ్ళి చెప్పాను. బరికె లేదు, గట్టి మాట లేదు. లెక్క ఇస్తే చేసేది. అంచున రఫ్ చేసి ఆగేది. ఫెయిర్ చెయ్యమ్మా అంటే నా వైపు చూసేది. నేను తలూపితే ఎక్కించేది. నాలుగు రోజులు పోతే భయం తగ్గుతుందిలే అనుకున్నాను. తలూపడం వల్ల కూడా హాని జరుగుతుందని నాకు తట్టలేదు.

మే నెలలో రిజల్ట్స్ వచ్చాయి. మిగతా అన్నిట్లో పాసైంది. లెక్కల్లో తప్పింది. రెండు పేపర్లూ కలిపి ముప్పై ఐదు రావాలి, దాని దరిదాపుల్లో కూడా లేదు. ఎండలో బడ్డీ దగ్గరికి వెళ్ళాను. తండ్రి ఒక పొయ్యి బర్నరు విప్పి బ్రష్షుతో రుద్దుతున్నాడు. ఆ పిల్ల పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది, కాళ్ళ దగ్గర బట్టల సంచి. సాయంత్రం బండికి బాపట్ల ప్రయాణం.

పేపరు కష్టంగా వచ్చిందా అని అడిగాను. లేదండి, అన్నీ వచ్చినవేనండి అంది. మరి చెయ్యలేదా అన్నాను.

"చేశానండి. జవాబులన్నీ రఫ్‌లో వచ్చాయండి. ఫెయిర్‌లో రాయలేదండి. ఏది రాస్తే కరెక్టో అడుగుదామంటే అక్కడ మీరు లేరు కదండి."

దెప్పుతున్నట్టు అనలేదు. సంగతి చెప్పినట్టు చెప్పింది. తండ్రి బర్నరు రంధ్రంలోకి ఉఫ్ అని ఊది, వెలుతురులో పెట్టి చూసుకుని, కూతురితో అన్నాడు.

"మేడంగారి దగ్గరికి మానకుండా వెళ్ళుంటే నీకీ గతి పట్టేది కాదు కదా."

ఆ పిల్ల నా వంక ఒకసారి చూసి, అవునని తలూపింది.